ఒక్కదాన్నే, దగ్గర్లోని కొండకే

నేను ఎక్కే కొండ గురించి చెప్పినప్పుడల్లా రెండు మాటలు వినాల్సి వస్తుంది. ఇంతోటి కొండకి ట్రెక్ అని పేరెందుకు, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటావు కదా, అనేది మొదటిది. ఒక్కదానివే ఎలా వెళ్తావు, ఏమైనా అయితే ఎవరు చూస్తారు, అనేది రెండోది. చాలాసార్లు ఈ రెండూ ఒకే మనిషి, ఒకే పూటలో అంటారు. లెక్కలోకి రానంత చిన్న కొండైతే భయమెందుకు? భయపడాల్సినంత కొండే అయితే చిన్నచూపెందుకు? ఈ రెండింటికీ కలిపి జవాబు రాయాలని చాలా రోజుల నుంచి ఉంది, ఎందుకంటే నా దృష్టిలో రెండింటికీ జవాబు ఒకటే.

ఒంటరిగా కొండెక్కాలని మనసులో ఉన్న మనిషికి సరిగ్గా సరిపోయే కొండ ఇంటికి దగ్గరగా, దూరం తక్కువగా, ఎక్కుడు మాత్రం నిటారుగా ఉండే కొండ. పెద్ద పర్వతాలకి వెళ్లేముందు ప్రాక్టీసుకి పనికొస్తుందని చెప్పడం లేదు. ఒంటరిగా నడవడంలో ఉన్న మేలు నిటారు దారిలో దొరికినంతగా ఇంకెక్కడా దొరకదు, ఒంటరిగా నడవడంలో ఉన్న ప్రమాదాన్ని దగ్గరితనం తగ్గించినంతగా ఇంకేదీ తగ్గించదు. పొట్టి, నిటారు, దగ్గర, ఒంటరి, ఈ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఏ ఒక్కటి తీసేసినా మిగతావి అంత బాగా నిలబడవు.

ముందు చిన్న కొండ సంగతి. మనం నడకని కిలోమీటర్లలో కొలవడానికి అలవాటుపడ్డాం, ఫోన్ కూడా అలాగే చూపిస్తుంది. రోడ్డు మీద ఆ కొలత సరిపోతుంది, కొండ మీద సరిపోదు. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లోనే దీనికి ఒక లెక్క చెప్పాడు. ఆయన మైళ్లలో, అడుగుల్లో చెప్పినదాన్ని మన కొలతల్లోకి మారిస్తే, ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట, సుమారుగా. ఒక కిలోమీటరు దారిలో 300 మీటర్ల ఎత్తు ఎక్కాలనుకోండి. దూరానికి 12 నిమిషాలు, ఎత్తుకి 30 నిమిషాలు, మొత్తం 42. ఆగి నీళ్లు తాగే టైము ఇందులో లేదు. అంటే పట్టే సమయంలో మూడింట రెండు వంతులకి పైగా ఫోన్ చూపించే ఆ ఒక్క కిలోమీటరులో కనిపించనే కనిపించదు. ఎవరైనా "కిలోమీటరే కదా" అన్నప్పుడు నేను ఎత్తు ఎంతో అడుగుతాను. ఎత్తు తెలియకుండా కొండ చిన్నదో పెద్దదో చెప్పడం కుదరదు.

ఇంకోలా చూసినా అంతే. 60 కిలోల మనిషి తన ఒంటిని 300 మీటర్లు పైకి చేర్చడమంటే దాదాపు 176 కిలోజౌళ్ల పని. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఆ ఎత్తు ఒక్కదానికే 170 నుంచి 210 కిలోకేలరీల దాకా అవుతుంది. (బరువు తగ్గడం కోసం వచ్చేవాళ్లకి ఈ అంకె నిరాశ కలిగించొచ్చు. కానీ కొండ అందుకోసం కాదనే నా నమ్మకం.) అంకె కన్నా ఆ వేడి ముఖ్యం. చలి పొద్దున కూడా పది నిమిషాల్లో వీపు తడిసిపోవడానికి కారణం అదే. అందుకే కొండ కింద నిలబడ్డప్పుడు కాస్త చలేస్తున్నట్టే ఉండాలి, అప్పుడే పైపొర తీసి బ్యాగులో పెట్టేయాలి. వెచ్చగా మొదలుపెడితే మొదటి ఎక్కుడులోనే చెమటతో తడిసి, పైన గాలికి వణకాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒంటరితనం. దీని గురించి చాలామంది ఏకాంతం, ప్రశాంతత, తనని తాను తెలుసుకోవడం అంటూ రాస్తారు. అవి ఉంటాయేమో, నాకు మాత్రం అసలు కారణం ఊపిరి.

చదును నేల మీద ఇద్దరు కలిసి నడవడం తేలిక. వేగంగా నడిచేవాళ్లు కొంచెం తగ్గిస్తారు, నెమ్మదిగా నడిచేవాళ్లు కొంచెం పెంచుతారు, ఇద్దరికీ పెద్దగా తెలియదు, ఎందుకంటే ఇద్దరూ తమ శక్తికి బాగా లోపలే నడుస్తున్నారు. నిటారు దారిలో అలా కుదరదు. అక్కడ ప్రతి మనిషీ తన హద్దుకి దగ్గర్లో ఉంటారు. ఆ హద్దు దాటితే, కండరాలు గట్టిగా పనిచేసేటప్పుడు తయారయ్యే లాక్టేట్ అనే పదార్థం రక్తంలో పేరుకోవడం మొదలవుతుంది, ఊపిరి ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, కాళ్లు బరువెక్కుతాయి, ఆ తర్వాత రెండు నిమిషాలు ఆగినా ఆ బరువు పూర్తిగా దిగదు. ఆ హద్దు ఎక్కడుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. అదే మనిషికి రాత్రి నిద్రని బట్టి, ఎండని బట్టి కూడా మారుతుంది. పక్కవాళ్ల హద్దు మన హద్దుతో కలవడం దాదాపు జరగదు.

గుంపుగా నిటారు దారి ఎక్కేవాళ్లని ఒకసారి గమనించండి. ముందు వెళ్లేవాళ్లు పైన ఎక్కడో ఆగి, కూర్చుని, నీళ్లు తాగి, వెనకవాళ్ల కోసం చూస్తుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ అక్కడికి చేరగానే ముందువాళ్లు "వచ్చేశారా, పదండి" అంటూ లేస్తారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్లకి విశ్రాంతి దొరికింది, కావాల్సినవాళ్లకి దొరకలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అందరూ మంచివాళ్లే, ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉన్నవాళ్లే. దారే అలాంటిది. వెనకబడ్డ మనిషి మాత్రం ఆ రోజు కొండని చూడరు, ముందున్నవాళ్ల మడమల్ని చూస్తారు. తర్వాత ఇంటికెళ్లి "కొండలు నా వల్ల కాదు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు ఎక్కలేకపోయింది కొండని కాదు, ఇంకొకరి వేగాన్ని.

పెట్రార్క్ అనే ఇటలీ కవి 1336లో ఫ్రాన్స్‌లోని వెంతూ పర్వతం ఎక్కిన సంగతి తన లేఖలో రాసుకున్నాడు. ఎవర్ని వెంట తీసుకెళ్లాలా అని స్నేహితులందర్నీ ఒక్కొక్కరిగా తలుచుకుని, ఒకరు మరీ నిదానం, ఒకరు మరీ తొందర, ఒకరికి దిగులెక్కువ, ఒకరికి హుషారెక్కువ అనుకుంటూ, ఆఖరికి తమ్ముణ్ని తీసుకెళ్లాడు. అంత ఎంచి ఎంచి తీసుకెళ్లినా, కొండ మీద తమ్ముడు నిటారు గట్టు పట్టుకుని నేరుగా పైకి పోయాడు, ఈయనేమో తేలిక దారి వెతుక్కుంటూ పల్లంలో చుట్టూ తిరిగాడు. దాదాపు ఏడువందల ఏళ్ల నాటి ముచ్చట. ఆయన దాన్నుంచి ఆత్మ గురించి పెద్ద పాఠమే తీశాడు. నాకు మాత్రం అందులో ఇద్దరు అన్నదమ్ములు ఒకే వేగంతో కొండ ఎక్కలేకపోవడం కనిపిస్తుంది.

ఒక్కదాన్నే ఉన్నప్పుడు నా వేగం కొలవడానికి నాకొక పద్ధతి ఉంది. ఏదో ఒక పూర్తి వాక్యం, ఊరికే నోటికొచ్చింది, మెల్లగా పైకే అంటాను. మధ్యలో గాలి పీల్చుకోకుండా పూర్తిచేయగలిగితే సరైన వేగం. సగంలో తెగితే వేగం ఎక్కువ. వ్యాయామ శిక్షకులు కూడా ఇలాంటి మాటల పరీక్షే చెబుతారు, గుండె వేగం చూపించే గడియారం కన్నా ఇదే నాకు నమ్మకం. పక్కన మనిషి ఉంటే ఇది చేయడం కష్టం. పక్కన మనిషి ఉంటే మనం మాట్లాడేది వాళ్ల కోసం, ఆయాసం దాచుకోవడం కూడా వాళ్ల కోసమే.

మరీ నిటారుగా ఉన్న చోట వేగం తగ్గించాలంటే ఆగిపోనక్కర్లేదు. పర్వతారోహకులు వాడే ఒక అడుగు ఉంది, చూడ్డానికి ఏమీ ఉండదు, నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. ముందు కాలు పైమెట్టు మీద పెట్టండి, కానీ దాని మీద ఇంకా బరువు వేయకండి. వెనక కాలు మోకాలి దగ్గర పూర్తిగా నిటారు చేయండి. ఇప్పుడు ఒంటి బరువంతా వెనక కాలి ఎముక మీద నిలబడింది, తొడకి పని లేదు. ఆ ఒక్క క్షణం అలాగే ఉండండి, ఒక ఊపిరి వదలండి. తర్వాత బరువు ముందు కాలికి మార్చి పైకి లేవండి. మళ్లీ అదే. అరికాలు మొత్తం నేలకి ఆనాలి, ముని వేళ్ల మీద ఎక్కితే ఐదు నిమిషాల్లో పిక్కలు పట్టేస్తాయి. అరికాలు ఆనడానికి చదును లేకపోతే పాదాన్ని కాస్త పక్కకి తిప్పి, వాలుకి అడ్డంగా పెట్టాలి. ఇలా వెళ్తే బయటనుంచి చూసేవాళ్లకి మరీ నత్తనడకలా అనిపిస్తుంది, కానీ మధ్యలో కూలబడాల్సిన అవసరం రాదు. ఈ అడుగుతో ఇంకొకరి పక్కన నడవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే దాని తాళం మన ఊపిరిదే.

నిటారు అన్నాను కదా, ఎంత నిటారు? దీనికీ ఒక లెక్క ఉంది. ఆల్బెర్టో మినెట్టి అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1995లో కొండదారుల వాలు మీద చేసిన పరిశోధన ప్రకారం, ఒక ఎత్తుకి చేరడానికి మనిషికి తక్కువ శక్తి పట్టేది సుమారు 25 శాతం వాలు దగ్గర, అంటే నాలుగు మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు. అంతకన్నా నిటారుగా ఉంటే అడ్డంగా మెలికలు తిరుగుతూ ఎక్కడమే లాభం. పాత కొండదారులు ఎవరూ లెక్కలు వేయకుండానే మెలికలు తిరిగి ఉండటానికి కారణం ఇదే అయ్యుంటుంది. ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. మెలిక తిరిగే చోట అడ్డంగా కోసుకుని నేరుగా దిగేస్తారు కొందరు, నాలుగు అడుగులు మిగులుతాయని. ఆ అడ్డదారిలో గడ్డి చచ్చిపోతుంది, వాన పడ్డప్పుడు నీళ్లు మెలిక దారి వదిలేసి ఆ గీత వెంట నేరుగా పరుగెడతాయి, రెండు మూడు వానలకి అదొక కాలవైపోతుంది, తర్వాత అసలు దారి కూడా తెగిపోతుంది. దగ్గరి కొండలకి ఈ దెబ్బ ఎక్కువ, ఎందుకంటే వాటి మీద తొక్కిడి ఎక్కువ. దయచేసి మెలికని మెలికలాగే తిరగండి.

ఇక దిగడం. ట్రెక్ గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది కొన చేరగానే ముగించేస్తారు, నాకేమో సగమే అయిందనిపిస్తుంది. వాల్డో టోబ్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1993లో వాలుని బట్టి నడక వేగం చెప్పే సూత్రం ఒకటి ఇచ్చాడు. దాని ప్రకారం మనిషి అన్నిటికన్నా వేగంగా నడిచేది చదునులో కాదు, 5 శాతం దిగుడులో, గంటకి 6 కిలోమీటర్లు. చదునులో గంటకి 5. 30 శాతం దిగుడుకి వచ్చేసరికి అది గంటకి రెండున్నర కిలోమీటర్లకి పడిపోతుంది. ఇందాకటి కిలోమీటరు కొండ దిగడానికి 24 నిమిషాలు, అంటే అదే దూరం చదునులో నడిచేదానికి రెట్టింపు. "దిగడమే కదా, పది నిమిషాలు" అనుకున్నవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతుంది, చీకటి పడేది కూడా ఇక్కడే.

దిగేటప్పుడు ఊపిరి తేలికగా ఉంటుంది కాబట్టి ఒళ్లు మోసం చేస్తుంది. గుండె కష్టపడటం లేదు, చెమట ఆరిపోతోంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ తొడ ముందరి కండరం ఆ టైములో చాలా కష్టమైన పని చేస్తోంది. ఎక్కేటప్పుడు అది ముడుచుకుంటూ బరువు లేపుతుంది, దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపుతుంది. సాగుతూ ఆపే పనిలోనే కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. నొప్పి అప్పుడు తెలియదు, 24 నుంచి 72 గంటల మధ్య బాగా తెలుస్తుంది, మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకునేది అందుకే. ఇక్కడ దగ్గరి కొండ విలువ ఇంకోటి ఉంది. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం, కొన్ని వారాల దాకా అదే పనికి అంతగా నొప్పెట్టదు. ఆ రక్షణ నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. ఏడాదికోసారి సెలవు పెట్టి దూరం వెళ్లి పెద్ద కొండ ఎక్కేవాళ్లకి ప్రతిసారీ మొదటిసారే. తరచుగా వెళ్లగలిగే కొండ ఉన్నవాళ్లకే కాళ్లు నేర్చుకున్నది కాళ్లలో మిగులుతుంది.

కెనడాలోని వాంకూవర్ దగ్గర గ్రౌస్ గ్రైండ్ అని ఒక దారి ఉంది, రెండున్నర కిలోమీటర్లలో 800 మీటర్ల ఎత్తు. అమెరికాలోని కొలరాడోలో మానిటూ ఇంక్లైన్ అని ఇంకోటి, ఒక మైలు కూడా లేని దూరంలో దాదాపు 600 మీటర్ల ఎత్తు, 2,700కి పైగా మెట్లు. ఒకప్పుడు అది తాళ్లతో లాగే రైలు దారి, 1990లో బండలు జారిపడ్డాక రైలు మూతపడింది, జనం మాత్రం అనుమతి లేకపోయినా ఎక్కుతూనే ఉన్నారు, చివరికి 2013లో చట్టబద్ధంగా తెరిచారు. పొట్టిగా నిటారుగా ఊరి దగ్గర ఉన్న దారి అంటే మనుషులకి ఎంత ఇష్టమో చెప్పడానికి అదొక్కటి చాలు. ఈ రెండు చోట్లా అదే దారిలో దిగనివ్వరు. మొదటిదాంట్లో కేబుల్ కారు ఎక్కి దిగుతారు, రెండోదాంట్లో వేరే వాలు దారిలో దిగుతారు. జనం ఎక్కువ కాబట్టి ఆ నియమం సబబే. కానీ ఎక్కిన టైము చూసుకుని, దిగడాన్ని లెక్కలోంచి తీసేసే అలవాటు నాకు నచ్చదు. నిటారు దారి దిగడం వచ్చినవాళ్లే ఒంటరిగా వెళ్లడానికి తగినవాళ్లు అని నా ఖచ్చితమైన అభిప్రాయం.

దాన్ని దగ్గర్నుంచి చూద్దాం. నున్నటి బండ, దాని మీద పల్చగా పరుచుకున్న మొరం. ఆ గులకలు పాదం కింద బేరింగ్ గుండ్లలా దొర్లుతాయి. భయంతో మనిషి వెనక్కి వాలతాడు, వాలగానే బరువు మడమ చివరికి పోతుంది, మడమ జారుతుంది, కూర్చున్నట్టుగా పడతాడు, చేత్తో ఆపుకోబోయి మణికట్టు దెబ్బతింటుంది. చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మోకాళ్లు కొంచెం వంచి, నడుము పాదాల పైనే ఉండేలా, అడుగు చిన్నదిగా, అరికాలు మొత్తం ఒకేసారి ఆనేలా. మొరం లేని చోటు ఒక చారెడు కనిపిస్తే అక్కడ కాలు పెట్టాలి. బండకీ మట్టికీ మధ్య అంచులో గడ్డి మొదళ్లు ఉంటాయి, వాటి వెనక పాదం ఆగుతుంది. కర్ర ఉంటే మోకాలి మీద బరువు కొంత తగ్గుతుంది, కానీ కర్ర పెట్టిన చోటు జారితే కర్రతో పాటు మనమూ పోతాం కాబట్టి దాన్ని నమ్మేముందు ఒకసారి నొక్కి చూడాలి. మాట్లాడుకుంటూ దిగేవాళ్లు ఇవన్నీ చూడరు. ఒంటరిగా దిగే మనిషికి చూడటం తప్ప వేరే పనే లేదు.

ఇప్పుడు రెండో మాటకి, ఏమైనా అయితే, అన్నదానికి వస్తాను. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఒంటరిగా ఉన్నప్పుడు బెణికిన చీలమండ కూడా పెద్ద విషయమే. ఇద్దరుంటే ఒకరు సాయం తేవచ్చు, ఒక్కరుంటే అది లేదు. అందుకే నేను పాటించే నియమాల్లో అన్నిటికన్నా గట్టిది ఒకటుంది, దిగలేనని అనుమానం ఉన్న చోట ఎక్కను. బండ ఎక్కేటప్పుడు చేతులు, పట్టు దొరికే చోట్లు అన్నీ కళ్ల ముందు ఉంటాయి. దిగేటప్పుడు పాదం ఎక్కడ పెట్టాలో మన ఒళ్లే అడ్డొచ్చి కనిపించదు. పైకి తేలిగ్గా వెళ్లిపోయిన చోట కిందికి రాలేక ఇరుక్కునేది ఇలాగే. కాబట్టి చేతులు వాడాల్సిన చోటు వస్తే, మూడడుగులు ఎక్కి, అక్కడే ఆగి, ఆ మూడడుగులూ దిగి చూస్తాను. దిగగలిగితేనే ముందుకి.

దగ్గరితనం అసలు పనిచేసేది వెనక్కి తిరగడంలో. దూరపు ట్రెక్‌కి సెలవు పెట్టి, టికెట్లు కొని, అడ్వాన్సులు కట్టి, నెలల ముందు నుంచి ఎదురుచూసి వెళ్తాం. అక్కడ మబ్బు పట్టినా, కడుపులో బాగాలేకపోయినా, ఇంత దూరం వచ్చాం కదా అనే మాట ముందుకి తోస్తుంది. అనుభవం ఉన్నవాళ్లని కూడా తోస్తుంది. ఇంటికి దగ్గర్లో ఉన్న కొండకి ఆ మాట లేదు. అది రేపు కూడా అక్కడే ఉంటుంది, వచ్చే వారం కూడా. ఒకసారి కొన కనిపిస్తూ ఉండగా, ఇంకో పావుగంట నడిస్తే చేరిపోయే చోట, పడమటి వైపు మెరుపు కనిపించింది. లెక్కపెట్టాను. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది, మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. ముప్ఫై లోపలే వినిపించింది. వెంటనే తిరిగాను. ఆ కొన మీద ఆ పరిసరాల్లో అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది నేనే. తిరగడానికి మనసు కొంచెం కూడా గుంజలేదు, ధైర్యమో వివేకమో అని చెప్పుకోను, తిరగడానికి ఖర్చేమీ లేదు కాబట్టి గుంజలేదు. ఒంటరిగా వెళ్లేవాళ్ల ప్రాణాన్ని కాపాడేది ఇదే అని నమ్ముతాను. పక్కన "ఇంకొంచెమే కదా" అనేవాళ్లు లేకపోవడం కూడా అందులో భాగమే, గుంపులో ఎవరూ మొదట వెనక్కి తిరిగినవాళ్లు కావాలనుకోరు.

అయితే దగ్గరితనంలో ఒక ఉచ్చు కూడా ఉంది. దగ్గరే కదా అని ఎవరికీ చెప్పకుండా వెళ్లడం. 2003లో ఏరన్ రాల్స్టన్ అనే అమెరికన్ యూటా రాష్ట్రంలోని బ్లూ జాన్ లోయలో ఒంటరిగా నడుస్తుండగా బండ దొర్లి చేయి దాని కింద ఇరుక్కుపోయింది. చలికాలంలో ఎత్తైన శిఖరాలు ఒంటరిగా ఎక్కుతూ వచ్చిన మనిషి ఆయన, అనుభవానికి లోటు లేదు. కానీ ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు, అది ఒక్క రోజు నడకే. ఐదు రోజులకి పైగా అలా ఉండి, చివరికి తన చేయి తానే కోసుకుని బయటపడ్డాడు. ఎవరికైనా చెప్పి ఉంటే వెతుకులాట ఎన్నో రోజుల ముందే మొదలయ్యేది. పెద్ద పర్వతానికి వెళ్లేటప్పుడు అందరికీ చెబుతాం, అర రోజు నడకకి చెప్పం. చెప్పాల్సింది దీనికే.

ఆడవాళ్లం ఒంటరిగా వెళ్లడం గురించి ఇంకో భయం ఉంటుంది, అది బండల గురించో పిడుగుల గురించో కాదు, మనుషుల గురించి. దాన్ని లేదనడం నాకిష్టం లేదు. భయపడొద్దని సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ భయం ఎప్పుడూ పడనివాళ్లే. ఇక్కడ కూడా తెలిసిన కొండే నాకు ఆసరా. ఏ టైముకి ఎలాంటివాళ్లు వస్తారో, ఏ మలుపు దగ్గర దారి రెండుగా చీలుతుందో, ఎక్కడ ఫోన్ సిగ్నల్ అందుతుందో, ఎక్కడ అందదో నాకు తెలుసు. ఎదురైన మనిషి ఎందుకో నచ్చకపోతే కారణం వెతుక్కోను, వెనక్కి తిరిగి జనం ఉన్న వైపు దిగేస్తాను. కొత్త చోట ఇవేవీ తెలియవు, అందుకే ఒంటరిగా కొత్త చోటుకి వెళ్లడం కన్నా ఒంటరిగా తెలిసిన చోటుకే మళ్లీ మళ్లీ వెళ్లడం మేలంటాను. అదే దారి మళ్లీ ఎక్కితే విసుగు రాదా అని అడుగుతారు. రాదు. ఎండాకాలం గట్టిగా నిలిచిన మట్టి గట్టు వానాకాలం సబ్బులా జారుతుంది, కిందటిసారి నమ్మి కాలు పెట్టిన రాయి ఈసారి కదులుతుంది. నిటారు దారి ప్రతిసారీ చూసి నడవమంటుంది.

మా పిన్ని కూతురు ఆమధ్య "అక్కా, నేనూ రానా?" అంది. రమ్మన్నాను. కింద మాత్రం ముందే చెప్పాను, నా కోసం తొందరపడకు, నా కోసం ఆగకు, దారి మాత్రం వదలకు, పైన కలుద్దాం అని. అలాగే ఎవరి ఊపిరితో వాళ్లం ఎక్కాం. దిగేటప్పుడు మాత్రం తనతోనే ఉన్నాను, ఎక్కడ పాదం పెట్టాలో చూపించాను, జారే చోట్లు వస్తే ఆగి తననే చూపించమన్నాను. ఈమధ్య తను ఒక్కతే వెళ్లొస్తానంటోంది. వద్దనలేదు. ఒక పని మాత్రం అలవాటు చేశాను.

బయల్దేరేముందు నాకు ఒక మెసేజ్ పెట్టాలి. ఏ కొండ అని కాదు, ఏ దారి అని. ఎన్నింటికి మొదలుపెడుతుంది, కొన చేరినా చేరకపోయినా ఎన్నింటికి వెనక్కి తిరుగుతుంది, ఎన్నింటికల్లా కింద ఉంటుంది. ఆ టైము దాటి గంటసేపు కబురు లేకపోతే నేను ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఫోన్ నిండా చార్జింగ్, బ్యాగులో టార్చి, మెడలో ఈల. తన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112కి కాల్ వెళ్లే అవకాశం ఉందని, ఈలతో సాయం అడగాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలని, జవాబుగా మూడు ఈలలు వినిపిస్తే ఎవరో విన్నట్టేనని చెప్పాను. దిగాక "దిగాను" అని ఒక్క మాట పంపాలి, మర్చిపోకుండా, ఎందుకంటే ఆ మాట రాకపోతే నేను నిజంగానే బయల్దేరతాను.